చలి కూడా సరుకే

స్కూళ్ళకి వేసవి సెలవులు ఇచ్చేసరికి మన ఇళ్ళల్లో ఒకటే చర్చ. ఇండియా నుంచి అమ్మానాన్నలో, అత్తమామలో వచ్చి ఉంటారు. వాళ్ళకి ఎల్లోస్టోన్ చూపించాలి, గ్రాండ్ కాన్యన్ చూపించాలి. హోటళ్ళలో దిగుతూ వెళ్తే మూడో రోజుకల్లా మామయ్యగారు శాండ్‌విచ్ వంక చూసి నిట్టూరుస్తారు. అప్పుడొస్తుంది ఆర్‌వీ అద్దెకి తీసుకుందామన్న ఆలోచన. పొయ్యి ఉంటుంది, సింకు ఉంటుంది, పడుకోవడానికి మంచాలుంటాయి, అన్నిటికీ మించి ఫ్రిజ్ ఉంటుంది. ఇంకేం, ఇంట్లో ఉన్నట్టే కదా!

సరిగ్గా ఆ ఫ్రిజ్ దగ్గరే జాగ్రత్త పడాలి. ఇంట్లో ఫ్రిజ్‌ని మనం పట్టించుకోం. తలుపు తీస్తాం, పెడతాం, మూస్తాం. లోపల చలి దానంతటదే ఉంటుంది. దారిలో అలా కాదు. బియ్యం, కందిపప్పు, నూనె ఎన్ని రోజులకి ఎంత కావాలో లెక్క వేసుకుని సర్దుకుంటామే, చలిని కూడా అలాగే లెక్క వేసుకుని ఇంటి నుంచి తీసుకెళ్ళాలి, పొదుపుగా వాడుకోవాలి. ఈ నెల కబుర్లన్నీ ఆ లెక్క గురించే. బండిలో అరవై దాటిన పెద్దవాళ్ళూ, అయిదేళ్ళలోపు పిల్లలూ ఉన్నప్పుడు, దగ్గరలో ఆస్పత్రి అంటే రెండు గంటల ప్రయాణం అయినప్పుడు, ఈ లెక్క తప్పితే పోయేది ఒక పూట భోజనం మాత్రమే కాదు.

బోస్టన్ నుంచి వచ్చిన మంచు

చలిని సరుకులా మోసుకెళ్ళడం కొత్త సంగతి కాదు. దానికి మనకీ అమెరికాకీ కలిపి ఒక పాత కథే ఉంది. 1833 మే నెలలో బోస్టన్ నుంచి ‘టస్కనీ’ అనే ఓడ 180 టన్నుల మంచు వేసుకుని కలకత్తా బయలుదేరింది. మసాచుసెట్స్‌లో చలికాలం గడ్డకట్టిన చెరువుల నుంచి కోసిన మంచు అది. ఫ్రెడరిక్ ట్యూడర్ అనే వ్యాపారి పంపించాడు. దాదాపు నాలుగు నెలలు, భూమధ్యరేఖని రెండుసార్లు దాటి, సెప్టెంబరులో కలకత్తా చేరేసరికి ఇంకా 100 టన్నుల వరకు మిగిలింది! తర్వాత మద్రాసుకీ ఆ మంచు వచ్చింది. దాన్ని దాచడానికి 1842లో కట్టిన ఐస్ హౌస్ ఈనాటికీ మెరీనా బీచి ఒడ్డున ఉంది. 1897లో వివేకానందుడు బస చేసింది అందులోనే. మన పెద్దవాళ్ళలో మద్రాసులో చదువుకున్నవాళ్ళకి ఆ పేరు బాగా తెలుసు.

కరెంటు లేదు, ఫ్రిజ్ లేదు. మరి ఎలా నిలిచింది? మంచుని చిన్న ముక్కలుగా కాకుండా పెద్ద పెద్ద చదరపు దిమ్మలుగా కోశారు. దిమ్మకీ దిమ్మకీ మధ్య సందు లేకుండా పేర్చారు. చుట్టూ రంపపు పొట్టు దట్టించారు. దారిలో తెరవలేదు. పెద్ద దిమ్మ, సందు లేని సర్దుడు, చుట్టూ కప్పు, మూసిన తలుపు. ఈ నాలుగూ మన కూలర్‌కి కూడా అక్షరాలా పనికొస్తాయి.

మంటతో నడిచే ఫ్రిజ్

ఇప్పుడు ఆర్‌వీలోకి వద్దాం. చాలా ఆర్‌వీల్లో, ముఖ్యంగా కాస్త పాతవాటిలో, ఉండేది అబ్సార్ప్షన్ ఫ్రిజ్. మన ఇంటి ఫ్రిజ్‌లా దీనికి గుర్రుమనే కంప్రెసర్ ఉండదు. వెనకాల చిన్న గ్యాస్ మంట గానీ, కరెంటు హీటర్ గానీ ఉంటుంది. ఆ వేడికి నీళ్ళలో కలిసి ఉన్న అమోనియా ఆవిరై పైకి వెళ్తుంది. పైన చల్లబడి ద్రవమవుతుంది. హైడ్రోజన్ ఉన్న గొట్టంలోకి దిగి మళ్ళీ ఆవిరవుతూ, పెట్టె లోపలి వేడిని లాగేసుకుంటుంది. చివరికి మళ్ళీ నీళ్ళలో కలిసి కిందికి జారుతుంది. 1922లో స్వీడన్‌లో ఇంజినీరింగ్ చదువుకుంటున్న బాల్ట్‌జర్ ఫాన్ ప్లాటెన్, కార్ల్ ముంటర్స్ అనే ఇద్దరు కనిపెట్టిన పద్ధతి ఇది. కరెంటు లేని అడవిలో కూడా ప్రొపేన్‌తో నడుస్తుంది కాబట్టి ఆర్‌వీలకి బాగా నప్పింది.

ఇది ఎలా పనిచేస్తుందో తెలిస్తే, ఎక్కడ మొరాయిస్తుందో కూడా తెలిసిపోతుంది.

మొదటిది, ఇది చాలా నిదానం. వేడిగా ఉన్న పెట్టె చల్లబడటానికి ఒక రాత్రంతా పడుతుంది. బయలుదేరడానికి 24 గంటల ముందే వేసి ఉంచడం మంచిది. అద్దె బండి అయితే, తీసుకోవడానికి వెళ్ళే ముందు రోజే ఫోన్ చేసి ఫ్రిజ్ వేసి ఉంచమని అడగండి. కుదరదంటే మొదటి రోజు సరుకంతా కూలర్‌లోనే ఉంచి, మర్నాడు ఫ్రిజ్‌లోకి మార్చుకోండి.

రెండోది, బండి సమంగా నిలబడి ఉండాలి. లోపల ద్రవం తనంతట తాను కిందికి జారాలి కదా, బండి ఒరిగి ఉంటే ఎక్కడో నిలిచిపోతుంది. పక్కలకి 3 డిగ్రీలు, ముందూ వెనకలకి 6 డిగ్రీలు మించకూడదని సాధారణంగా చెప్తారు. నడుస్తున్నప్పుడు కుదుపులకి ద్రవం కదులుతూ ఉంటుంది కాబట్టి ఫరవాలేదు. ఏటవాలుగా ఆపి గంటల తరబడి వదిలేస్తేనే చిక్కు. అలా ఎక్కువ సేపు నడిస్తే ఫ్రిజ్ శాశ్వతంగా పాడవచ్చు కూడా. ‘మంచంలో తల కిందికి వాలినట్టుంది’ అని అత్తయ్యగారు అంటే ఫ్రిజ్‌కి కూడా అలాగే ఉందని అర్థం. చక్రాల కింద లెవెలింగ్ బ్లాకులు పెట్టమనండి.

మూడోది, బయటి ఎండ. ఆ వేడి బండి బయటి గోడకున్న జాలీ గుండా పోవాలి. ఆ గోడకి సాయంత్రపు ఎండ కొడుతూ ఉంటే ఫ్రిజ్ ఎంత ఆయాసపడినా లోపల చల్లబడదు. క్యాంప్‌గ్రౌండ్‌లో ఎక్కడ ఆపాలో చూసుకునేటప్పుడు జాలీ ఉన్న వైపు నీడ పడేలా ఆపండి.

నాలుగోది, లోపల గాలి ఆడాలి. కూలర్‌ని సందు లేకుండా నింపాలి. ఈ ఫ్రిజ్‌ని మాత్రం అలా నింపకూడదు. డబ్బాకీ డబ్బాకీ మధ్య రెండు వేళ్ళ సందు ఉంచండి. బ్యాటరీతో నడిచే చిన్న ఫ్యాన్లు ఆర్‌వీ షాపుల్లో దొరుకుతాయి. ఒకటి లోపల పెడితే చలి అన్ని అరలకీ సమంగా అందుతుంది. ఫ్రీజర్ అరని మాత్రం నిండుగానే ఉంచండి.

కొత్త ఆర్‌వీలు, క్యాంపర్ వ్యాన్లలో 12 వోల్టుల కంప్రెసర్ ఫ్రిజ్‌లు వస్తున్నాయి. ఇవి త్వరగా చల్లబడతాయి, బండి కాస్త ఒరిగినా పట్టించుకోవు. వీటి బెంగంతా బ్యాటరీ గురించే. కరెంటు కనెక్షన్ లేని చోట రాత్రంతా ఫ్రిజ్, ఫ్యాన్లు, ఫోన్ చార్జర్లు నడిస్తే తెల్లారేసరికి బ్యాటరీ నీరసిస్తుంది. నేషనల్ పార్కుల క్యాంప్‌గ్రౌండ్లలో ఎక్కువ వాటికి కరెంటు హుకప్పులు ఉండవు. ఎల్లోస్టోన్ అంతటికీ కరెంటు, నీళ్ళు, డ్రైనేజీ మూడూ ఉన్నది ఫిషింగ్ బ్రిడ్జ్ ఆర్‌వీ పార్కు ఒక్కటే. మిగతా చోట్ల జనరేటర్ అనుమతించినా ఉదయం 8 నుంచి రాత్రి 8 వరకే. అందుకే సైటు బుక్ చేసేటప్పుడే హుకప్ ఉందా లేదా చూసుకోండి. లేకపోతే మీ ఫ్రిజ్ గ్యాస్‌దో, బ్యాటరీదో తెలుసుకుని దానికి తగ్గట్టు సర్దుకోండి.

గ్యాస్ మీద నడిచే ఫ్రిజ్‌తో ఇంకో మాట. పెట్రోలు పోయించుకునేటప్పుడు ఆ మంటని ఆపేయాలి. కొన్ని సొరంగాల్లో, ఉదాహరణకి బాల్టిమోర్‌ హార్బర్ టన్నెల్‌లో, ప్రొపేన్ ఉన్న బండ్ల మీద ఆంక్షలున్నాయి. తలుపు మూసి ఉంటే ఒకటి రెండు గంటలు ఆపినందువల్ల లోపలి సరుకుకి ఏమీ కాదు. మళ్ళీ వెలిగించడం మర్చిపోతేనే ఇబ్బంది.

ముక్కు చెప్పలేని సంగతి

మన ఇళ్ళల్లో కూర బాగుందా పోయిందా అని తేల్చేది అమ్మ ముక్కు. మూత తీసి, ఒక్కసారి వాసన చూసి, ‘బానే ఉంది, వేడి చేయండి’ అంటుంది. పప్పు పాచిపోయిందా, పాలు విరుగుతాయా అని చెప్పడానికి ఆ ముక్కు చాలు. కానీ మనిషిని పడుకోబెట్టే క్రిములు చాలావాటికి వాసనా ఉండదు, రుచీ ఉండదు.

అమెరికా వ్యవసాయ శాఖ చెప్పే లెక్క గుర్తు పెట్టుకోవడం తేలిక. 40 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే మన పెద్దవాళ్ళకి అర్థమయ్యేలా చెప్పాలంటే దాదాపు 4 డిగ్రీల సెల్సియస్, దాని కింద ఉంటే క్షేమం. 40కీ 140కీ మధ్య క్రిములు పెరుగుతాయి. ఆ మధ్యలో వండిన పదార్థం మొత్తం 2 గంటలకి మించి ఉండకూడదు. చుట్టూ 90 డిగ్రీలు దాటిన ఎండ అయితే ఒక్క గంటే. అరిజోనాలో జులై మధ్యాహ్నం అంటే ఆ ఒక్క గంటే అన్నమాట.

అందులో మన అన్నం సంగతి విడిగా చెప్పుకోవాలి. బియ్యంలో బాసిల్లస్ సీరియస్ అనే క్రిమి బీజాలు ఉంటాయి. ఉడికించినా అవి చావవు. అన్నం వండి గది వేడిలో వదిలేస్తే మేలుకుని పెరుగుతాయి, విషాన్ని వదులుతాయి. వాంతులు తెప్పించే ఆ విషం మళ్ళీ వేడి చేసినా పోదు. ‘పొద్దుటి అన్నమే కదా, తిరగమోత పెట్టేస్తే సరి’ అన్నది ఇంట్లో అలవాటైన మాటే కానీ, వేడెక్కిన బండిలో మధ్యాహ్నం దాకా ఉన్న అన్నానికి ఆ మాట పనికిరాదు. ఆర్‌వీలో అన్నం ఏ పూటకాపూట, తినేంతే వండుకోవడం అన్నిటికన్నా సుఖం.

మరి మన అమ్మమ్మలు పులిహోర, దద్ధోజనం కట్టుకుని రైల్లో కాశీ దాకా వెళ్ళలేదా అని అడుగుతారు. వెళ్ళారు. వాళ్ళ దగ్గరా ఒక లెక్క ఉండేది. పులిహోరకి చింతపండు పులుపు, ఉప్పు, నూనె దట్టంగా పట్టించేవారు. దద్ధోజనంలో పెరుగు తక్కువ, పాలు ఎక్కువ పోసి కలిపేవారు, దారిలో అది తోడుకుని తినే వేళకి కమ్మగా ఉండేలా. పులుపుతో క్రిముల్ని అడ్డుకున్నారు వాళ్ళు. కానీ వాళ్ళు కట్టుకున్నది మర్నాటికి, మహా అయితే ఆ మర్నాటికి. అద్దాల్లోంచి ఎండ కాసే బండిలో నాలుగు రోజులకి కాదు. బయట 90 డిగ్రీలుంటే, మూసి ఆపిన కారులో 20 నిమిషాల్లో దాదాపు 119కి, గంటలో 133కి చేరుతుందని ఇక్కడ కొలిచి చూశారు.

ఇంకో వింత కూడా ఉంది. ఎల్లోస్టోన్ లేక్ దగ్గర ఎత్తు 7,700 అడుగుల పైమాటే. అక్కడికి చేరేసరికి చిప్స్ ప్యాకెట్లూ, పెరుగు కప్పుల మూతలూ ఉబ్బిపోతాయి. అది పాడవడం కాదు, పైన గాలి ఒత్తిడి తగ్గడం. అంటే ముక్కుతో పాటు కన్ను కూడా మోసపోతుంది. నమ్మదగింది థర్మామీటర్ ఒక్కటే. ఫ్రిజ్‌లో పెట్టే చిన్న థర్మామీటర్ ఖరీదు పది డాలర్లలోపే. వైర్‌లెస్‌ది అయితే డ్రైవర్ పక్క సీట్లో కూర్చునే లోపలి చలి చూడొచ్చు. ప్రయాణానికి మీరు కొనాల్సిన మొదటి వస్తువు అదే.

మూడు కుప్పలు

సర్దడం మొదలుపెట్టే ముందు అన్నిటినీ టేబుల్ మీద మూడు కుప్పలుగా వేసుకోండి.

మొదటి కుప్ప, చలి అక్కర్లేనివి. ఆవకాయ, మాగాయ, కందిపొడి, కారప్పొడి, నువ్వుల పొడి, వడియాలు, అప్పడాలు, జంతికలు, సున్నుండలు, అటుకులు, వేయించి తాలింపు కలిపి ఉంచుకున్న ఉప్మా రవ్వ. కోయని కూరగాయలు, పళ్ళు, బ్రెడ్డు, వేరుశెనగ వెన్న. గది వేడిలోనే నిలవ ఉండే పాల డబ్బాలు కూడా ఇందులోకే వస్తాయి. చిన్నవి కొనుక్కుంటే తెరిచిన పూటే అయిపోతాయి. ఈ కుప్ప ఎంత పెద్దదైతే మీకు అంత నిశ్చింత. కాలిఫోర్నియా వైపు వెళ్ళేవాళ్ళు పచ్చి కరివేపాకు బదులు కరివేపాకు పొడి తీసుకెళ్ళండి. ఆ రాష్ట్ర సరిహద్దుల్లో 16 తనిఖీ కేంద్రాలున్నాయి. నిమ్మ, నారింజ తోటల్ని చంపే తెగులుని మోసే పురుగు కరివేపాకు మీద కూడా బతుకుతుందని అక్కడ గట్టిగా చూస్తారు.

రెండో కుప్ప, గడ్డకట్టించి తీసుకెళ్ళేవి. చికెన్ కూర, సాంబారు, పప్పు, రాజ్మా, దోసెల పిండి. జిప్‌లాక్ సంచుల్లో పలచగా పరిచి, పుస్తకంలా చదునుగా గడ్డకట్టించండి. ఒక్కో సంచి ఒక్క పూటకి సరిపోయేలా ఉండాలి, మీద రోజు రాయాలి. వీటి గొప్పతనమేమిటంటే కరిగేదాకా ఇవే మంచు దిమ్మలు. వేరే ఐసుకి చోటు అక్కర్లేదు. దోసెల పిండి సంచి సగమే నింపండి, కరిగాక మళ్ళీ పొంగుతుంది. బంగాళాదుంప వేసిన కూరలు గడ్డకట్టిస్తే ఇసకలా అవుతాయి. పెరుగు విరిగినట్టవుతుంది. ఆ రెండూ ఫ్రీజర్‌లో వద్దు.

మూడో కుప్ప, చల్లగా ఉండాలి కానీ గడ్డకట్టకూడనివి. పెరుగు, పాలు, గుడ్లు, కోసిన కూరలు, పచ్చి కొబ్బరి. ఈ కుప్పని వీలైనంత చిన్నది చేయండి. కొబ్బరి చట్నీ అన్నిటికన్నా ముందు పోయేది, బదులు పుట్నాల పొడి సరిపెట్టుకోవచ్చు.

పెరుగు దగ్గర మాత్రం మనం రాజీపడం. అయిదు పౌండ్ల డబ్బా ఒకటి మోసుకెళ్తే రోజుకి నాలుగుసార్లు తీసి పెట్టడంలోనే అది వేడెక్కుతుంది. దానికంటే చిన్న కప్పులు నయం. అంతకన్నా మంచి ఉపాయం మనవాళ్ళకి తెలిసిందే: పెరుగు కాదు, తోడు తీసుకెళ్ళండి. చిన్న సీసాలో రెండు చెంచాల పెరుగు చల్లగా ఉంటే చాలు. నిలవ ఉండే పాలని రాత్రి గోరువెచ్చగా చేసి తోడువేసి, టవల్ చుట్టి పెడితే పొద్దున్నకి పెరుగు సిద్ధం. అక్కణ్ణించి ఒక్క పూట చలి చాలు దానికి. అలా ప్రతి రాత్రీ కొత్త పెరుగు.

కూలర్‌లో పద్దులు

ఫ్రిజ్ ఉన్నా కూలర్లు రెండు ఉండాలి. ఒకటి తాగేవాటికి, ఒకటి తినేవాటికి. పిల్లలు జ్యూసుల కోసం పది నిమిషాలకోసారి మూత తీస్తారు. తీసేది తాగేవాటి పెట్టె అయితే తినేవాటి చలి క్షేమం.

ఇప్పుడు చలి ఎలా ఖర్చవుతుందో చూడండి. ఒక పౌండు మంచు కరగడానికి 144 బీటీయూల వేడి పీలుస్తుంది. గుర్తుంచుకోవాల్సింది ఆ సంఖ్య కాదు, దాంతో వేసిన ఈ రెండు లెక్కలు. 90 డిగ్రీల వేడిలో ఉన్న డజను సోడా క్యాన్లు తెచ్చి కూలర్‌లో పడేస్తే, వాటిని 40కి దించడానికే 3 పౌండ్ల పైగా ఐసు కరిగిపోతుంది. 160 డిగ్రీల వేడి ఉన్న 4 లీటర్ల సాంబారు గిన్నె అలాగే పెట్టేస్తే 7 పౌండ్లు. గ్యాస్ స్టేషన్లో కొన్న పది పౌండ్ల సంచిలో ముప్పావు వంతు ఒక్క సాంబారుకే సమర్పయామి! అందుకే ఏది పెట్టినా ముందు రోజే ఇంటి ఫ్రిజ్‌లో చల్లబరిచి పెట్టాలి. కూలర్‌ని కూడా ముందు రాత్రి కాస్త ఐసు వేసి చల్లబరిస్తే మంచిది. దారిలో వండినది మిగిలితే గిన్నెని సింకులో చన్నీళ్ళలో నిలబెట్టి, గరిటెతో తిప్పుతూ చల్లార్చి, రెండంగుళాలకి మించని లోతున్న డబ్బాల్లోకి సర్ది అప్పుడు ఫ్రిజ్‌లో పెట్టండి.

ఐసు ముక్కలకన్నా దిమ్మ ఎక్కువ సేపు నిలుస్తుంది. ఇంట్లో గడ్డకట్టించిన నీళ్ళ సీసాలు అన్నిటికన్నా చవక, కరిగాక తాగొచ్చు. ముందు తినబోయేది పైన, చివరి రోజుది అడుగున సర్దుకోండి. పైన మిగిలిన ఖాళీలో ఒక టవల్ కుక్కండి, ట్యూడర్ గారి రంపపు పొట్టులాగా. కరిగిన నీళ్ళు ఇంకా చల్లగానే ఉంటాయి కాబట్టి తిండి తడవనంత వరకు పారబోయక్కర్లేదు. పెట్టెని నీడలో, వీలైతే ఏసీ ఉన్న చోట ఉంచండి.

డ్రై ఐస్ సంగతి. అది మైనస్ 109 డిగ్రీల చల్లదనం, ఐస్‌క్రీము కూడా గట్టిగా ఉంచుతుంది. కానీ అది నీరుగా కరగదు, కార్బన్ డయాక్సైడ్ వాయువుగా మారుతుంది. గాలికన్నా బరువైన ఆ వాయువు కింద పేరుకుంటుంది. 2018లో వాషింగ్టన్ రాష్ట్రంలో కారులో ఉంచిన డ్రై ఐస్ వల్ల ఒక మహిళ ప్రాణం పోయింది. అందరం ఒకే గదిలో పడుకునే ఆర్‌వీలోకి అది వద్దే వద్దు.

మందులు, తల్లిపాలు

మధుమేహం ఉన్న పెద్దవాళ్ళతో వెళ్తుంటే ఫ్రిజ్‌లో అన్నిటికన్నా విలువైన వస్తువు ఇన్సులిన్. తెరవని ఇన్సులిన్‌ని 36, 46 డిగ్రీల మధ్య ఉంచాలి. గడ్డకడితే మళ్ళీ వాడకూడదు, పారేయాలి. ఆర్‌వీ ఫ్రిజ్‌లో వెనక ఉండే లోహపు రెక్కల దగ్గర రాత్రిళ్ళు గడ్డకట్టేంత చలి పుట్టవచ్చు. అందుకని ఇన్సులిన్‌ని వాటికి దూరంగా, ఒక డబ్బాలో పెట్టండి. ఐసు ప్యాక్‌కి నేరుగా తగలనివ్వకండి. వాడుతున్నదాన్ని 59 నుంచి 86 డిగ్రీల మధ్య బయట ఉంచితే 28 రోజుల వరకు పనిచేస్తుందని ఎఫ్‌డీఏ చెప్తోంది. కొన్ని రకాలకి ఈ గడువు తేడాగా ఉంటుంది కాబట్టి బయలుదేరే ముందు డాక్టర్నో, ఫార్మసిస్టునో అడిగి రాసి పెట్టుకోండి. కారు డాష్‌బోర్డు మీద, ఆపిన బండిలో మాత్రం ఎప్పుడూ వదలకండి.

ఫ్రిజ్ మొరాయిస్తే? మన మట్టి కుండ గుర్తుందా? తడి ఆరుతూ వేడిని తీసుకుపోతుంది. నైరుతి ఎడారుల పొడి గాలిలో అది ఇంకా బాగా పనిచేస్తుంది. రూట్ 66 మీద కార్లు నడిచిన తొలి రోజుల్లో అమెరికన్లు కూడా నీళ్ళు ఊరే కాన్వాసు సంచుల్ని కారు ముందు వేలాడదీసుకుని ఎడారి దాటేవారు. నీళ్ళలో తడిపి వాడే ఇన్సులిన్ సంచులు ఇప్పుడు మందుల షాపుల్లో దొరుకుతాయి. సూత్రం కుండదే. ఒకటి కొని ఉంచుకోండి.

చంటిపిల్లల తల్లులకి: పిండి తీసిన పాలు ఫ్రిజ్‌లో 4 రోజులు, గడ్డకట్టిన ఐసు ప్యాకులున్న కూలర్‌లో 24 గంటల వరకు ఉంచవచ్చని సీడీసీ మార్గదర్శకం. 77 డిగ్రీల లోపు గదిలో అయితే 4 గంటలే.

ఎలుగుబంట్ల ఊళ్ళో

యోసెమిటీ, ఎల్లోస్టోన్ లాంటి చోట్ల తిండిని చల్లగా ఉంచితే సరిపోదు, దాచి కూడా ఉంచాలి. కూలర్‌ని బల్ల మీద వదిలి పడుకోవడం నేరం. ఎలుగుబంటికి అది డబ్బా అని తెలుసు, లోపల తిండి ఉంటుందనీ తెలుసు. యోసెమిటీలో రాత్రి కారులో కూడా తిండి ఉంచకూడదు. గట్టి గోడలున్న ఆర్‌వీ లోపల, కిటికీలు మూసి, బయటికి కనపడకుండా ఉంచొచ్చు. లేదంటే సైటు దగ్గరుండే ఇనప పెట్టెలో. పెట్టెలో పెట్టేది ఆవకాయ జాడీ అయినా సరే, మూత గట్టిగా బిగించండి.

పారేయడానికి చెయ్యి రాదు

చివరిగా అసలు కష్టం. థర్మామీటర్ 52 చూపిస్తోంది. ఎప్పట్నుంచి అలా ఉందో తెలియదు. లోపల రెండు పూటల కూర, మొన్న కష్టపడి చేసిన సాంబారు, పెరుగు. అన్నం పరబ్రహ్మ స్వరూపం అని పెరిగాం మనం. పారేయాలంటే ఏదో పాపం చేస్తున్నట్టుంటుంది. పక్కన అమ్మ ‘అయ్యో, బానే ఉంది కదమ్మా, నేను తింటాలే’ అంటుంది. తను తింటాననే పెద్దావిడకే ముందు జబ్బు చేస్తుంది. గర్భిణులు, చిన్నపిల్లలు, అరవై అయిదు దాటినవాళ్ళు, మధుమేహం ఉన్నవాళ్ళు, వీళ్ళకే ఈ క్రిముల దెబ్బ గట్టిగా తగులుతుంది. 40 దాటి 2 గంటలు గడిచిందని తెలిసినా, ఎంతసేపైందో తెలియకపోయినా, మాంసం, పాలు, పెరుగు, వండిన కూరలు, అన్నం పారేయాల్సిందే. ‘ఒక్క రాత్రి ఆస్పత్రి కన్నా ఈ కూర ఖరీదు తక్కువే కదమ్మా’ అని చెప్పి చూడండి, ఒప్పుకుంటారు.

అంతకన్నా మేలు, పారేయాల్సిన పరిస్థితి రాకుండా తక్కువ మోసుకెళ్ళడం. దారి పొడుగునా ఊళ్ళున్నాయి, సూపర్ మార్కెట్లున్నాయి. మూడు రోజులకి సరిపడా చల్లని సరుకు చాలు, తర్వాత పాలు, గుడ్లు, కూరలు దారిలో కొనుక్కోవచ్చు.

ఇంకొక్క మాట. ఈ లెక్కంతా మీ ఒక్కరి నెత్తిన వేసుకోకండి. ఫ్రిజ్ గ్యాస్ మీద ఉందా కరెంటు మీద ఉందా అన్నది బండి నడిపేవారి పని. లెవెల్ చూడటం కూడా వారిదే. థర్మామీటర్ చూసి పొద్దున, మధ్యాహ్నం, రాత్రి నోటుబుక్కులో రాసే పని పదేళ్ళ పిల్లకి ఇవ్వండి. ఇష్టంగా చేస్తుంది. ఏ సంచి ఏ రోజుదో మామయ్యగారికి అప్పజెప్పండి. అప్పుడు మీరూ కాసేపు కిటికీ పక్క సీట్లో కూర్చుని కొండలు చూడొచ్చు.